కారు కిందికి దించే ముందు కాస్త లెక్క

మన బళ్ళారి వారికి బండి ఎత్తు మార్చే విద్య కొత్తదేమీ కాదు. సండూరు కొండల నుంచి ఇనుప ఖనిజం లారీలు రాత్రింబవళ్ళు దిగిన రోజుల్లో, కమాన్ కట్టలో అదనంగా ఇంకో పట్టీ వేయించుకున్న లారీల వారు మనకందరికీ తెలుసు. 2011 జులైలో సుప్రీంకోర్టు జిల్లాలో గనుల తవ్వకాన్ని నిలిపివేసింది. తరువాత షరతుల మీద మళ్ళీ మొదలైంది. లారీలు తగ్గాయి, పెరిగాయి గానీ కమాన్ పట్టీల విద్య మాత్రం ఊళ్ళో అలాగే ఉంది. బరువు మోయాలంటే పట్టీ వెయ్యి, బండి లేస్తుంది. అంతే లెక్క.

ఇప్పుడు కుర్రకారు కోరిక తిరగబడింది. వాళ్ళకు కారు లేవడం కాదు, దిగడం కావాలి. టైరుకూ, పైన మడ్‌గార్డు అంచుకూ మధ్య నాలుగు వేళ్ళ సందు కనబడితే వారికి కంట్లో నలుసు పడినట్టుంటుంది. ఆ సందు రెండు వేళ్ళకు రావాలి. దానికి ఏ సామాను కొనాలి, ఎంత దించాలి అని గత ఆరు నెలల్లో నన్ను ముగ్గురు అడిగారు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. స్పానరు పట్టే చెయ్యి కాదు నాది. కానీ వాహన ఋణాల కాగితాలు చూసీ చూసీ బండ్ల మీద ఆసక్తి పెరిగింది. ఇది కూడా చివరికి జమాఖర్చుల వ్యవహారమే గనుక ఈ మూడు నెలల సంచికకు దీన్నే ఎత్తుకున్నాను.

ముందుగా, ఈ సరదా మనది మాత్రమే కాదని చెప్పాలి. అమెరికాలో కాలిఫోర్నియాలోని మెక్సికన్ సంతతి కుర్రాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం తరువాత కార్లను నేలకు తాకేలా దించి, వీధుల్లో మెల్లగా నడిపేవారు. 1958లో అక్కడి ప్రభుత్వం చక్రం రిమ్ము అడుగు కంటే కిందికి కారు భాగమేదీ ఉండరాదని చట్టం చేసింది. దాన్ని తప్పించుకోవడానికి మీట నొక్కితే లేచే హైడ్రాలిక్ పంపులు అమర్చుకున్నారు. ఆ నిషేధం 2024 జనవరిలోగానీ తొలగిపోలేదు. అక్కడ అది ఒక జాతి వారి గౌరవానికి గుర్తు అయింది. అయితే ఆ కార్లు వెళ్ళేది నడక వేగంతో, నున్నటి రోడ్ల మీద. మనది సిరుగుప్ప వైపు నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారి, వేసిన రోడ్డును ఏటా అలల్లాగా చేసే నేల. ఈ తేడాను గుర్తుంచుకుని మిగతాది చదవండి.

దించితే లాభమేమిటి? రెండు చెబుతారు. మొదటిది అందం. అది చూసేవారి కంటికి సంబంధించింది, నేను వాదించను. రెండవది, మలుపుల్లో కారు పక్కకు ఒరగడం తగ్గి నిలకడ వస్తుందని. ఇది నిజమే, కానీ ఎంత నిజమో చూడండి. కారు గురుత్వ కేంద్రం నేల నుంచి 55 సెం.మీ. ఎత్తున ఉందనుకుందాం. 3 సెం.మీ. దించితే 52 అయింది. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే బరువు ఈ ఎత్తును బట్టి ఉంటుంది గనుక, తగ్గింది సుమారు అయిదున్నర శాతం. ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీలా కనిపిస్తోంది గదా! జమ పద్దు అంతే.

ఇప్పుడు ఖర్చు పద్దు చూద్దాం. చక్రం పైకి కదలడానికి కారు కింద కొంత జాగా ఉంటుంది. గుంత దాటి బండి కుంగినప్పుడు స్ప్రింగు ఆ జాగాలోనే నొక్కుకుని, ఆ ఊపును మింగేస్తుంది. జాగా అయిపోతే లోపలున్న రబ్బరు దిమ్మ, అంటే బంప్ స్టాప్, తగులుతుంది. అప్పుడు వచ్చే "ధబ్" అనే చప్పుడు మన నడుముకు బాగా తెలుసు. ఈ జాగాను నేను రిజర్వు నిధి అంటాను. కారును దించడమంటే ఈ నిధిలోంచి డబ్బు తీయడమే. ఆ జాగా 8 సెం.మీ. అనుకోండి. 3 సెం.మీ. దించితే మిగిలేది 5. స్ప్రింగు మింగే శక్తి నొక్కుకున్న దూరపు వర్గాన్ని బట్టి ఉంటుందని మనం హైస్కూల్లో చదువుకున్నాం. కాబట్టి అదే గుంత దెబ్బను 5 సెం.మీ.లో మింగాలంటే స్ప్రింగు బిగువు 64కు 25 వంతున, అంటే రెండున్నర రెట్లు పెరగాలి. మామూలు ఇంటి కారు సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు మెత్తగా ఊగేట్టు కడతారు. 1.2 సార్లు ఊగే కారుకు అంత బిగువు పెడితే అది 1.9కి చేరుతుంది. అది పందెం కార్ల దారి. పెద్దవాళ్ళను కూర్చోబెట్టే దారి కాదు.

మరి బజారులో 3 సెం.మీ. దించే స్ప్రింగులని అమ్మేవి రెండున్నర రెట్లు బిగువుగా ఉంటాయా? ఉండవు. సాధారణంగా పాతదానికంటే పాతికో ముప్పయ్యో శాతం ఎక్కువ, అంతే. మిగిలిన లోటు ఎవరు పూడ్చాలి? షాక్ అబ్జార్బరు కొంత, బంప్ స్టాప్ కొంత. సామాను ఎంపిక అంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. స్ప్రింగు ఒక్కటే కొన్నవాడు నిధి తీసుకున్నాడు గానీ తిరిగి కట్టలేదన్నమాట.

మా మేనల్లుడి సంగతి ఇక్కడ చెప్పాలి. తోరణగల్లులో ఉద్యోగం. పదేళ్ళ నాటి హ్యాచ్‌బ్యాక్ కారు, లక్ష కిలోమీటర్లు దాటింది. అదే కారులో మా అక్కయ్యను నెలకోసారి ఉరవకొండ మీదుగా అనంతపురం ఆస్పత్రికి తీసుకెళతాడు. ఆమెకు వెన్నుపూస ఆపరేషన్ అయి రెండేళ్ళయింది. వాడు ఒకనాడు వచ్చి, "మామా, ఒక మేస్త్రీ స్ప్రింగు ఒక చుట్టు కోసి ఇస్తానన్నాడు. పూటలో పని అయిపోతుందంట. వంపుల్లో బండి పడవ మాదిరి ఊగుతాంది" అన్నాడు. అక్కయ్య వంటింట్లోంచే అందుకుంది: "నన్ను బండి మొయ్యాలా, నేను బండిని మొయ్యాలా? ముందు అది చెప్పు!" ఇంట్లో రెండు వారాలు ఈ మాట మీద ముఖాలు మాడ్చుకున్నారు. తల్లి భయంలోనూ న్యాయముంది, వాడి ఫిర్యాదులోనూ న్యాయముంది.

కోసే పద్ధతి ఎందుకు పనికిరాదో చూద్దాం. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి కోస్తే బిగువు 20 శాతం పెరుగుతుంది. చాలామంది తగ్గుతుందనుకుంటారు, కాదు. ఆ మేరకు లాభమే. కానీ స్ప్రింగు చివరి చుట్టును కంపెనీ వారు కింది గిన్నెలో కుదురుగా కూర్చునేట్టు మలుస్తారు. రంపం పెట్టిన చోట ఆ కుదురు పోతుంది. పైగా మొత్తం పొడవు తగ్గినందున, చక్రం గుంతలోకి పూర్తిగా జారినప్పుడు స్ప్రింగు వదులై గిన్నెలోంచి పక్కకు జరగవచ్చు. ఇంకొందరు గ్యాస్ మంటతో స్ప్రింగును ఎర్రగా కాల్చి కుంగదీస్తారు. ఉక్కుకు స్ప్రింగు గుణం వచ్చేదే లెక్క ప్రకారం కాచి చల్లార్చడం వల్ల. దాన్ని మంటతో చెరిపేశాక అది వట్టి ఇనుప చుట్ట. రోజురోజుకీ కుంగుతుంది, లేదా ఒకనాడు విరుగుతుంది. ఈ రెండూ ఎంత చౌకగా వచ్చినా వద్దు.

మేనల్లుడికి నేను చెప్పింది ఒక్కటే: "కోసేముందు కొలువు." సమతలంగా ఉన్న బండల మీద కారు నిలిపి, టైర్లలో గాలి సరిచేసి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి రాయమన్నాను. ముందు రెండూ సమానం. వెనక ఎడమవైపు కుడి కంటే ఒకటిన్నర సెంటీమీటరు తక్కువ! అంటే బండి తనంతట తానే ఒక మూల దిగిపోయి ఉంది. షాక్ అబ్జార్బర్లు చూస్తే వెనక రెండింటికీ ఆయిలు కారి దుమ్ము అట్టకట్టింది. ముందు లోయర్ ఆర్మ్ బుష్షుల రబ్బరు పగిలింది. పడవలా ఊగడానికి కారణం ఎత్తు కాదని అక్కడే తేలిపోయింది. పైన పటారం, లోన లొటారం! ఆ స్థితిలో స్ప్రింగు కోసి ఉంటే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయ్యేది.

కాబట్టి మొదటి సూత్రం ఇది. అరిగినవన్నీ మార్చి, కారు దాని అసలు స్థితికి వచ్చాక ఒక నెల నడిపి చూడండి. అప్పటికీ దించాలనిపిస్తేనే ముందుకు వెళ్ళండి.

అలా వెళ్ళేవారు సామాను ఎంచుకోవలసిన క్రమం చెబుతాను.

స్ప్రింగులు నాలుగూ ఒకే తయారీదారువి, ఒకే సెట్టుగా, సరిగ్గా మీ మోడలుకు చెప్పినవి కొనాలి. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజను కంటే బరువు గనుక ముందు స్ప్రింగులు వేరుగా ఉండవచ్చు. ముందు రెండే మార్చుకుంటే చాలదా అని అడుగుతారు. 1930లలో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలే అనే ఇంజనీరు ఒక సంగతి తేల్చాడు. గతుకు ముందు చక్రాలకు ముందు తగులుతుంది, వెనక వాటికి కాస్త ఆలస్యంగా. వెనక స్ప్రింగుల ఊపు ముందువాటికంటే కాస్త వేగంగా ఉంటే రెండూ త్వరగా కలిసిపోయి, కారు ఉయ్యాలలా ముందుకూ వెనక్కూ ఊగకుండా సమంగా లేచి సమంగా దిగుతుంది. ఒక్క జత మార్చితే ఈ పొత్తు చెడుతుంది. వెనక సీట్లో ఉన్నవారికి కడుపులో తిప్పేది అప్పుడే.

షాక్ అబ్జార్బర్లు స్ప్రింగు బిగువుకు జోడీ కావాలి. స్ప్రింగు పావు వంతు బిగిస్తే, ఊపును అదుపు చేసే శక్తి సుమారు 12 శాతం పెరగాలి. పాత షాక్ అబ్జార్బరులో అది ఉండదు. అదీగాక పాతదాని రాడ్డు పొడవు పాత ఎత్తుకు తగినట్టు ఉంటుంది. దించిన కారులో అది ఎప్పుడూ సగానికి పైగా మునిగి పనిచేస్తుంది, త్వరగా పాడవుతుంది. పొట్టి రాడ్డు, తగిన అదుపు ఉన్నవి స్ప్రింగులతో కలిపి అమ్మే సెట్లు ఉంటాయి. అవే మేలు. మరలు తిప్పి ఎత్తు సర్దుకునే కాయిల్‌ఓవర్లు కూడా వస్తాయి. మంచివే, కానీ మన ఎర్రదుమ్ములో ఆ మరలు పట్టేయకుండా తరచూ కడిగి చూసుకునే ఓపిక ఉన్నవారికి మాత్రమే.

బంప్ స్టాపులను చిల్లర సామానుగా చూడకండి. పైన చెప్పిన లోటును పూడ్చేది ఇవే. మంచి నురుగు రకం బంప్ స్టాపు మెల్లగా గట్టిపడుతూ రెండో స్ప్రింగులా పనిచేస్తుంది. సెట్టుతో పాటు పొట్టివి ఇస్తే అవే వేయించండి. పాతది పెట్టేస్తే కారు ఎప్పుడూ దాని మీదే కూర్చుంటుంది. మొత్తం తీసేస్తే ఇనుము ఇనుముకు తగులుతుంది. స్ట్రట్టు పై మౌంటును కూడా ఆ విప్పుడులోనే మార్చేయండి, కూలి కలిసివస్తుంది.

బుష్షులు బిగించేటప్పుడు ఒక మెళకువ ఉంది, మేస్త్రీలు తొందరలో వదిలేస్తారు. కారు జాకీ మీద వేలాడుతుండగా బోల్టులు పూర్తిగా బిగిస్తే, దింపగానే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లో చినుగుతుంది. చక్రాలు నేలమీద ఉండి, బరువు పడ్డాకే చివరి బిగింపు. దగ్గరుండి చేయించుకోండి.

ఎంత దించాలి? మన కార్లలో ఎక్కువభాగం ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్టు అమరిక. 1950 నాటి బ్రిటిష్ ఫోర్డ్ కాన్సల్ నుంచీ ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇది. ఇందులో చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్ బయటి కొస, లోపలి కొస కంటే కాస్త కిందికి ఉండాలి. ఎక్కువ దించితే ఆర్మ్ అడ్డంగా అయిపోయి, బయటి కొస పైకి లేస్తుంది. అప్పుడు కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు గురుత్వ కేంద్రం కంటే వేగంగా కిందికి పడిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, కారు మునుపటికంటే ఎక్కువ ఒరగాలని చూస్తుంది. దేనికోసం దించామో అదే పోయింది చూడండి! అందుకే ఇంటి కారుకు రెండు, మహా అయితే రెండున్నర సెంటీమీటర్లు చాలునంటాను.

స్పీడ్ బ్రేకర్ లెక్క కూడా వేయండి. ఖాళీ కారు నేలకు 17 సెం.మీ. ఎత్తు అనుకుందాం. 3 దించితే 14. అయిదుగురు, సామాను ఎక్కితే మరో మూడు నాలుగు కుంగుతుంది. మిగిలేది పదీ పదకొండు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు. అంత వెడల్పుంటే కారు మొత్తం దానిమీదికి ఎక్కి దిగుతుంది. కానీ మన పల్లెల ముందు రాత్రికి రాత్రి వెలిసేవి అడుగున్నర వెడల్పు దిబ్బలు. ముందు చక్రాలు దాటాక కారు పొట్ట నేరుగా వాటిమీదే. ఆయిలు చాంబరు ఉండేది అక్కడే సుమా!

పని అయ్యాక మూడు పరీక్షలు తప్పవు. ఒకటి, వీల్ అలైన్‌మెంట్. ఎత్తు మారితే టైర్లు తలలు లోపలికి వాల్చి, లోపలి అంచులు అరగదీసుకుంటాయి. రెండు, హెడ్‌లైట్ల చూపు మళ్ళీ సరిచేయించడం. మూడవది ప్రాణానికి సంబంధించింది. కొన్ని పాత మోడళ్ళలో వెనక ఇరుసుకు కలిపిన ఒక వాల్వు, బండి కుంగుదలను బట్టి బరువు అంచనా వేసి వెనక బ్రేకులకు ఒత్తిడి పంపుతుంది. కారును దించితే అది ఖాళీ బండిని నిండు బండి అనుకుంటుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలు ముందే బిగిసి, బండి తిరగబడినట్టు పక్కకు జారుతుంది. మీ కారుకు అటువంటి వాల్వుందేమో అడిగి, దాన్ని సర్దించండి.

చివరగా కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకూ ఆర్.సి. వివరాలకూ తేడా వచ్చేట్టు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షను, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అంటుంది. ఎత్తు ఆర్.సి.లో రాయరు గదా అని వాదించేవారున్నారు. ఆ వాదన రోడ్డు మీద చెల్లుతుందో లేదో తనిఖీ అధికారి చేతిలో ఉంటుంది. మన కె.ఏ. 34 బండి సరిహద్దు దాటి ఆంధ్రలో తిరుగుతుంది గనుక, ఒక చోట చూసీ చూడనట్టు వదిలింది ఇంకో చోట పట్టుకోవచ్చు. ముందే ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగండి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, వారి జవాబు దాచుకోండి. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం రోజున క్లెయిముకు అడ్డం తిరగవచ్చు. ఋణం తీరని బండి అయితే ఒప్పందంలోని షరతులు చదవండి. ఆ సన్నటి అక్షరాలు ఎవరూ చదవరని మాకు తెలుసు, అయినా చదవమనే చెబుతాం.

మా మేనల్లుడు కంపెనీ రకం షాక్ అబ్జార్బర్లు నాలుగు, వెనక స్ప్రింగులు రెండు, బుష్షులు వేయించాడు. సండూరు వంపుల్లో ఊగుడు చాలామటుకు పోయిందని వాడే ఒప్పుకున్నాడు. అక్కయ్య మొన్న అనంతపురం వెళ్ళి వచ్చి నడుము పట్టీ తీసి పక్కన పెట్టి, ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమె సర్టిఫికెట్టు. రెండు సెంటీమీటర్ల సెట్టు కోసం వాడు నెలనెలా కొంత దాచుకుంటున్నాడు. సెట్టు పూర్తిగా కొనగలిగినప్పుడే కొంటానన్నాడు, సగం సగం కాదన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

దించాలన్న మీ అబ్బాయిని వెంటనే కోప్పడకండి. చేతికి ఒక టేపు, ఒక నోటుపుస్తకం ఇచ్చి ముందు నాలుగు కొలతలు రాయమనండి. బండి తన సంగతి తానే చెబుతుంది.